తేనెటీగల చుట్టరికం

తేనెటీగలు పోయిన రోజున టెక్లే వంటింట్లో నిలబడి చల్లటి బీట్‌రూట్ పులుసులోకి దోసకాయ తరుగుతోంది. జూన్ నెల, శనివారం. వారమంతా పట్టిన ముసురు ఆ ఉదయమే విడిచింది. పెరట్లో తడిగడ్డి మీద ఎండ చురుక్కుమంటోంది. వీధిలోకి ఏదో లారీ వచ్చిందనుకుంది మొదట. ఆ మోత ఎంతకీ ఇల్లు దాటి పోకపోయేసరికి కత్తి చేత్తో పట్టుకునే కిటికీ దగ్గరకు వెళ్ళింది.

పెరటి చివర నీలం పెట్టె నోట్లోంచి, సంచి చిరిగి గింజలు కారినట్టు, ఈగలు కారుతున్నాయి. నేల మీద పడేవి పడుతూనే లేస్తున్నాయి. చూస్తుండగానే గాలి గోధుమరంగుకు తిరిగింది. ఆ మబ్బు యాపిల్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు వాలి, రేకుల కంచె మీదుగా పక్కింటి కాయెటోనాస్ వాళ్ళ పెరట్లోకి వెళ్ళిపోయింది.

దాన్ని గుంపు లేవడం అంటారని టెక్లేకు తెలుసు. వంతెన దగ్గర బడిలో భాష చెబుతుంది కాబట్టి ఏ పనికి ఏ మాటో ఆమెకు తెలుసు. ఆ పని ఎలా చెయ్యాలో తెలిసినవాడు ఆమె భర్త రిమ్విదస్. గుంపు లేచిందంటే చెంచా పులుసులోనే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తేవాడు.

గుంపు లేచినంత మాత్రాన పెట్టె ఖాళీ అయిపోదు. సగం ఈగలు ఉండిపోయి కొత్త రాణిని పెంచుకుంటాయి. వెళ్ళేది ముసలి రాణి. ఈ ముసలి రాణి వీపు మీద ఎర్రచుక్క ఉంది. పోయిన వేసవిలో రిమ్విదస్ దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఇదే వంటింటి బల్ల దగ్గరకు తెచ్చాడు. చెల్లెలి పెళ్ళికి టెక్లే కొని, ఒక్కసారి పెట్టుకుని అరలో పడేసిన గోళ్ళరంగు అడిగి తీసుకున్నాడు. అగ్గిపుల్ల కొనతో చుక్క పెట్టి, ఆరేదాకా ఊదుతూ, "ఇక ఎంత సంతలో ఉన్నా గుర్తుపట్టచ్చు" అన్నాడు.

ఫిబ్రవరిలో బస్టాపు దగ్గర మంచులో కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఇంట్లో అతని వస్తువులు చాలానే ఉన్నాయి, కోటు, రేడియో, సగం రాసిన గళ్ళనుడికట్టు. వాటిలో కదిలేది ఏదీ లేదు. ఆ చుక్క ఒక్కటే ఇంకా నడుస్తోంది, ఇప్పుడది కంచె దాటిపోయింది.

టెక్లే కత్తి కడిగి, సొరుగులో పెట్టి, షెడ్డులో మేకుకు వేలాడుతున్న గడ్డిబుట్ట తీసుకుంది. అతని వల టోపీ కూడా తీసుకుంది. అది ఆమెకు పెద్దదైంది.

కాయెటోనాస్ ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపేవాడు. ఇప్పుడు కోళ్ళను, ఒక మేకను పెంచుతున్నాడు. వాళ్ళుండే షాంచియై పేటలో ఆ పాత చెక్క ఇళ్ళ వెనక అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఒకరికి కుందేళ్ళు, ఒకరికి పావురాలు. కాయెటోనాస్ మేక పేరు దొరసాని. రిమ్విదస్ ఈగల కోసం నాటిన పూలమొక్కల్ని దొరసాని ఒక్క పూటలో మొదలంటా నమిలేసింది. తర్వాత రిమ్విదస్ ఈగలు దొరసాని నీళ్ళతొట్టి మీద మూగి దాని మూతి వాపెక్కించాయి. ఒకరు మునిసిపాలిటీకి ఉత్తరం రాశారు, ఇంకొకరు జవాబు రాశారు. ఆ తర్వాత కాయెటోనాస్ పాత షెడ్డు పైకప్పు రేకులు విప్పి కంచెకు అడ్డంగా కొట్టాడు. మగవాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు రేకుకు ఇటొకరు అటొకరు దగ్గుకుంటూ బతికారు.

ఆ రేకు వెనక నుంచి మాట వినబడింది ఒక్కసారే, ఈ మార్చిలో. మంచు కరిగాక టెక్లే పెట్టెలు తెరిచింది. మూడింట్లో రెండు పెట్టెలు నిశ్శబ్దంగా ఉన్నాయి. అడుగున ఈగలు తడిసిన టీ ఆకులా కుప్పపడి ఉన్నాయి. చెల్లెలు ఫోనులో అడిగితే, "రెండు పెట్టెలూ చచ్చాయి" అంది టెక్లే.

"టీచరమ్మా," అంది రేకు. "ఆ మాట మా మేకకి. ఈగలకి కాదు. మా మనవరాలికి తమరే నేర్పారు."

నిజమే. ఇక్కడి భాషలో ఆవు చస్తుంది, కుక్క చస్తుంది, కోడి చస్తుంది. తేనెటీగ మాత్రం చనిపోతుంది. మనిషికి వాడే మాటే దానికీ వాడాలి, వేరే మాట వాడితే పాపం. ప్రతి శరదృతువులో టెక్లే ఈ సంగతి నల్లబల్ల మీద రాసి చెబుతుంది, పిల్లలకు నచ్చుతుంది. ఆ రోజు ఆమె మూత పెట్టి లోపలికి వెళ్ళింది. తనకు తెలియక అన్న మాట కాదది. ఆ రెండో మాట ఫిబ్రవరి నుంచీ ఆమె నోటికి రావడం లేదు. బడిలో అడిగినవాళ్ళకు "ఆయన ఇప్పుడు లేరు" అంటుంది. కరెంటువాళ్ళకూ అదే చెప్పింది. "ఎప్పుడొస్తారు?" అని అడిగారు వాళ్ళు.

కాయెటోనాస్ గేటు తీసే ఉంది. అతను తలమీద జల్లెడ బోర్లించుకుని, దాని మీంచి కిటికీ తెర కప్పుకుని, కోళ్ళగూటికి బాగా ఎడంగా నిలబడ్డాడు.

"రండి రండి! మీవాళ్ళు దిగారు మా ఇంట్లో. ముందే కబురు పెడితే బంగాళదుంపలు ఉడకేసేవాళ్ళం గదా!"

"ఎక్కడున్నాయి?"

వేలెత్తి చూపించాడు. గూటి మీదికి వంగిన బేరిచెట్టు కొమ్మకు గుంపు వేలాడుతోంది, వానలో తడిపి ఆరేసిన కోటులా. కింద కోళ్ళు రాలినవాటిని ఏరుకుంటున్నాయి.

"కోళ్ళను లోపల వెయ్యండి," అంది టెక్లే.

"అవి నా మాట వింటాయా? నేనే ఇక్కడ మేకు కొట్టినట్టు నిలబడిపోయాను. కంగారు పడకండి, మా అల్లుడు వస్తున్నాడు. కందిరీగల మందు తెమ్మన్నా. రెండు నిమిషాల పని."

టెక్లే బుట్ట గడ్డి మీద పెట్టింది. "మందు కొట్టకండి," అంది. ఇంకా ఏదో అనాలి. కారణం చెప్పాలి, అభ్యర్థించాలి. తరగతిలో అయితే మూడు వాక్యాల్లో చెప్పగలదు. "కొట్టకండి," అని మళ్ళీ అంది.

పై కిటికీ దభాలున తెరుచుకుంది. కాయెటోనాస్ భార్య మార్సెలే నడుం దాకా బయటికి వంగింది. "చుట్టాల మీద మందు కొడతావటయ్యా! బుద్ధి బస్సులో మర్చిపోయావా?"

"ఎవరే చుట్టాలు?"

"గుంపు లేచిన ఇల్లూ, దిగిన ఇల్లూ చుట్టాలు కాదూ? మా అమ్మమ్మ ఊళ్ళో అలా కలిసినవాళ్ళు ఒకరి మీద ఒకరు కేసు వెయ్యడం ఎక్కడన్నా విన్నావా? ఫోను చేసి వాణ్ణి వెనక్కి పొమ్మను. మందు కొట్టావంటే ఈ చలికాలం నీకు సూపు కూడా చెయ్యను."

ఈ దేశంలో నేస్తానికి వాడే మాట తేనెటీగ అన్న మాటలోంచే పుట్టింది. టెక్లే బోర్డు మీద రాసే రెండో సంగతి అది. గుంపు ఎవరి పెరట్లో దిగితే వాళ్ళు సగం యజమానులు. దాన్ని అమ్మకూడదు, బేరమాడకూడదు, దాని గురించి పోట్లాడకూడదు. చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ "పూర్వం" అన్న మాట చేర్చేది.

కాయెటోనాస్ తెర కిందనుంచి ఫోను తీశాడు. "ఒరేయ్, రాకు. ఆ... లేదురా, చుట్టాలట. మీ అత్త చెబుతోంది... నాకేం తెలుసు, ఇప్పుడే కలిసింది చుట్టరికం." ఫోను జేబులో వేసుకుని టెక్లే వైపు తిరిగాడు. "అయితే వియ్యంకులమయ్యాం టీచరమ్మా. చెప్పండి, నిచ్చెన ఎక్కడ వేద్దాం?"

కోళ్ళను మార్సెలే వచ్చి, గింజలు చల్లి, గూట్లోకి తోలింది. గూటి కప్పుకు ఆనించి నిచ్చెన వేశారు. కాయెటోనాస్ రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎక్కే ముందు టెక్లే గుంపు మీద చెంబుతో నీళ్ళు చిలకరించింది. భర్త అలా చెయ్యడం చూసింది. కొమ్మను ఒక్కసారే, గట్టిగా దులపాలి అనేవాడు రిమ్విదస్. మెల్లగా దులిపితే కోపం వస్తుంది, గట్టిగా దులిపితే ఆశ్చర్యం వస్తుంది, వాటికైనా మనకైనా. ఆమె ఒక చేత్తో బుట్టను గుంపు కింద పట్టి, రెండో చేత్తో కొమ్మను ఒక్క ఊపు ఊపింది.

గుంపు బుట్టలో పడింది. ఆ బరువుకు చెయ్యి కిందికి జారింది. చెయ్యి అంత దిగుతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"పడిందా?" అన్నాడు కాయెటోనాస్ కళ్ళు తెరవకుండా.

"పడింది."

"నా మీద ఏమన్నా పడిందా?"

"ఒకటి జల్లెడ మీద ఉంది."

"అలాగే ఉండమనండి. నేను కదలను."

మెడ మీద ఒకటి కుట్టినట్టుంది. కిందికి దిగాకే టెక్లే అది గమనించింది. చెట్టు కింద దుప్పటి పరిచి, బుట్టను దాని మీద బోర్లించి, ఒక అంచు కింద కర్రముక్క పెట్టి సందు వదిలింది. కొమ్మ మీద మిగిలినవి గాల్లో తిరుగుతున్నాయి. రాణి బుట్టలో ఉంటే అవి కూడా దిగుతాయి. లేకపోతే లోపలివి కూడా మళ్ళీ కొమ్మ ఎక్కుతాయి. ఏది జరిగేదీ తేలేదాకా కూర్చోవడమే.

కూర్చున్నారు. మార్సెలే రొట్టె, మేకజున్ను తెచ్చి బల్ల మీద పెట్టి, తనకు ఈగల దగ్గర కూర్చునేంత ధైర్యం లేదని చెప్పి వెళ్ళింది. దొరసాని కట్టుతాడు పొడవు దాకా వచ్చి, వల టోపీ అంచు వాసన చూసింది.

"ఆ టోపీ దూరంగా పెట్టండి," అన్నాడు కాయెటోనాస్. "మీ ఇంటి సరుకంటే దొరసానికి మక్కువ."

టెక్లే టోపీని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయన్ని సాగనంపిన రోజు నేను రాలేదు," అన్నాడతను. జల్లెడ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "కోటు వేసుకున్నా. గేటు దాకా వచ్చా. ఇన్నేళ్ళు దగ్గుకున్నవాళ్ళం, ఇప్పుడు వెళ్ళి కొవ్వొత్తి పెడితే ఆయనేం అనుకుంటాడో అనిపించింది. గుడ్లు పెట్టి వచ్చేశా."

"ఏ గుడ్లు?"

"మెట్టు మీద. టోపీలో. ఎవరు పెట్టారనుకున్నారు?"

"ఎదురింటావిడ అనుకున్నాను. వెళ్ళి ధన్యవాదాలు చెప్పాను."

"ఆవిడేమంది?"

"ఫర్వాలేదండీ, దానిదేముంది అంది."

కాయెటోనాస్ రొట్టె పట్టుకున్న చేత్తోనే బల్ల మీద కొట్టాడు. "దొంగమొహం! వాళ్ళింట్లో కోళ్ళే లేవు! నా టోపీ కూడా వాళ్ళాయన పెట్టుకు తిరుగుతున్నాడు, ఎక్కడో చూసినట్టుందే అనుకుంటున్నా!"

టోపీని ఆమే ఉతికి ఎదురింటికి ఇచ్చింది. ఆ మాట చెప్పింది. అతను నవ్వీ నవ్వీ దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు బాగా పరిచయం. మొహంతో కలిపి చూడటం మాత్రం ఇదే మొదలు.

బుట్ట అంచున కొన్ని ఈగలు వరసగా నిలబడి, తోక పైకెత్తి రెక్కలాడిస్తున్నాయి. గాల్లో తిరిగేవి వాటి వైపు దిగుతున్నాయి. లోపల రాణి ఉందంటే అలా పిలుస్తాయని రిమ్విదస్ చెప్పేవాడు. అతను చెప్పేటప్పుడు ఆమె వ్యాసాలు దిద్దుకుంటూ సగం వినేది. ఆ సగమే ఇప్పుడు పనికొచ్చింది.

"ఉంది," అంది టెక్లే.

"ఎవరు?"

"రాణి."

అతను తల ఊపాడు. జున్ను ముక్క మేక నోటికి అందించబోయి, అది మేకజున్నేనని గుర్తొచ్చి, తనే తిన్నాడు. తర్వాత అడిగాడు. "చలికాలంలో వాటికి చెప్పారా?"

ఏం చెప్పడమో ఆమె అడగలేదు. ఇంటి యజమాని పోతే, ఊరందరికన్నా ముందు వెళ్ళి, ఇంటి తాళంచెవితో పెట్టె తట్టి చెప్పాలి. మీ యజమాని చనిపోయారు, ఇకనుంచి మీకు నేనున్నాను అని. చెప్పకపోతే అలుగుతాయంటారు. చనిపోతాయి, లేకపోతే లేచిపోతాయి.

"లేదు," అంది.

"అదేం?"

"పెట్టెల మీద మంచు ఉంది."

కాయెటోనాస్ బల్ల మీది రొట్టెపొడి చేత్తో దులిపాడు. "మంచు తుడవచ్చు."

"తుడవచ్చు," అని ఒప్పుకుంది టెక్లే.

"నేనేదో ఈగల సంగతి తెలిసినవాణ్ణని కాదు. చెప్పనందుకే రెండు పెట్టెలు అలా అయ్యాయనీ అనను. చలికాలంలో మా కోళ్ళు చావలేదూ? వాటికెవరు ఏం చెప్పాలి? కానీ ఇప్పుడివి సగం నావి. అలిగిన చుట్టాల్ని ఇంట్లో పెట్టుకోలేను. కావాలంటే నేను చెబుతా."

"వద్దు. మీ మాట వినవు."

"అదీ నిజమే. ఇంట్లోదే వినదు."

పొద్దు వాలి ఈగలన్నీ బుట్టలోకి చేరాక, దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. టెక్లే తన పెరట్లో ఖాళీ పెట్టె ఒకటి శుభ్రం చేసి ఉంచింది. మార్చిలో ఆ మాట అన్న పెట్టే. మార్సెలే ఒప్పుకోలేదు. దిగిన పెరట్లోంచి గుంపును తీసుకుపోతే అదృష్టాన్ని మెడపట్టి గెంటినట్టేనంది. కాయెటోనాస్ కూడా ఒప్పుకోలేదు. అదృష్టం సంగతి ఏమోగానీ, వాటి పక్కన తను గుడ్లు ఏరలేనన్నాడు. భార్యాభర్తలు ఎవరి పక్షాన వాళ్ళు, ఒకరి మాట ఒకరు వినకుండా, ఆమెకు ఎదురుగా వాదించుకున్నారు. చివరికి కాయెటోనాస్ లోపలికి వెళ్ళి మేకులు పీకే సుత్తి తెచ్చాడు.

"నేను కొట్టిన రేకే," అన్నాడు. "పీకడం కూడా నాకే తెలుస్తుంది."

రేకు తుప్పుపట్టి ఉంది. మేకులు కీచుమంటూ ఊడాయి. రెండు రేకులు తీశాక కంచెలో పెట్టె పట్టేంత ఖాళీ ఏర్పడింది. దాని నోరు టెక్లే పెరటి వైపు, వీపు కాయెటోనాస్ పెరటి వైపు ఉండేలా ఇటుకల మీద పెట్టారు. ఏ పెరడూ కాదు, రెండు పెరళ్ళూ అవును. మార్సెలే కిటికీలోంచి చూసి, మా అమ్మమ్మ ఊళ్ళో ఇలాంటిది వినలేదంది. వద్దని మాత్రం అనలేదు.

పెట్టె ముందు పలక వాలుగా పెట్టి, తెల్లగుడ్డ పరిచి, టెక్లే బుట్టను దాని మీద దులిపింది. ఈగలు గుడ్డ మీద పరుచుకున్నాయి. కాసేపు ఎటూ కదల్లేదు. తర్వాత ముందున్నవి పెట్టె నోరు కనిపెట్టాయి. మిగతావన్నీ బడిగంట కొట్టినట్టు అటువైపు తిరిగి నడవడం మొదలుపెట్టాయి. ఎండ ఇంకా పైకొమ్మల మీదే ఉంది.

టెక్లే గుడ్డ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుంది. కాయెటోనాస్ రేకు డాలులా పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నారు?"

"ఒక చుక్క."

చాలాసేపు కనబడలేదు. తర్వాత గుంపు మధ్యలో ఒకచోట ఈగలు దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగాయి. పొడుగాటి ఈగ ఒకటి, తొందర లేకుండా, వాలు పలక ఎక్కింది. చుక్క ఒక పక్క పెచ్చు ఊడింది. మిగిలినంత ఎర్రగానే ఉంది. అది పెట్టె నోటి దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్ళింది. టెక్లే ఇంకాసేపు అలాగే కూర్చుని, ఇక వెళ్ళాల్సినవన్నీ వెళ్ళాక, గుడ్డ మడిచింది.

"కనబడిందా?" అన్నాడు కాయెటోనాస్.

"కనబడింది."

"ఉంటాయంటారా మరి?"

"తెలియదు. రెండు మూడు రోజులు చూడాలి."

ఉన్నాయి. బడిలో పరీక్షలు అయిపోయాయి. నీలం పెట్టెలో మిగిలిపోయిన సగం కొత్త రాణిని చేసుకుంది, దాని వీపు మీద ఏ చుక్కా లేదు. పాత సిపాయి బారకాసుల దగ్గర నిమ్మపూల వాసన వేసే లిండెన్ చెట్లు పూశాయి. ఈగలు పొద్దంతా అటే పోయి వస్తున్నాయి. తీసిన రేకుల సందులోంచి దొరసాని రెండుసార్లు దూరి, టెక్లే కొత్తగా చల్లిన పూలమొక్కల్లో ఒక వరస మేసింది. కాయెటోనాస్ తల గోక్కుంటూ గుడ్లు తెచ్చి ఇచ్చాడు. ఈసారి చేతికే ఇచ్చాడు.

సాయంత్రాలు టెక్లే కంచె దగ్గరకు వెళ్ళి పెట్టె పక్కన నిలబడుతుంది. ఇంటి తాళంచెవి జేబులో ఉంటుంది. ఒకసారి దానితో పెట్టెను తట్టింది కూడా. లోపల ఒక్కసారి హోరు లేచి తగ్గింది, ఏమిటన్నట్టు. ఆమె లిండెన్లు పూశాయని చెప్పింది. ఫలానా పిల్లాడు తప్పుల్లేకుండా వ్యాసం రాశాడని చెప్పింది. కంచెకు ఇక రేకులు వెయ్యరని చెప్పింది. ఇకనుంచి మీకు నేనూ, కాయెటోనాస్ గారూ ఉన్నామని చెప్పింది.

ముందు చెప్పాల్సిన మాట వాటికి ఇంకా చెప్పలేదు.